బంకరు వెనక వైపు

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో, కార్బిన్స్ కోవ్ బీచ్‌కు వెళ్ళే దారిలో రోడ్డుకూ అలలకూ మధ్య కూర్చున్న ఆ జపాను వాళ్ళ కాంక్రీటు బంకరులోకి నేరుగా నడిచి వెళ్ళలేం. ముందు భుజం దూర్చాలి, పక్కకు తిరగాలి, నడుము వంచాలి, చివరికి తల లోపలికి తీసుకోవాలి. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా నాకు తెలిసింది వాసన ఒక్కటే. ఉప్పు, పాచి, దారిన పోయేవాళ్ళు చేసిన మలినం. తరవాత చల్లదనం తెలిసింది. ఆ తరవాత గోడ.

నేను ఇరవై ఆరేళ్ళుగా కాంక్రీటు నాణ్యత పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. ఏ కట్టడానికి వెళ్ళినా నా చెయ్యి ముందు గోడ మీదికే పోతుంది. ఇక్కడ చేతికి తగిలింది చెక్క! చెక్క కాదు, దాని అచ్చు. కాంక్రీటు పోసేటప్పుడు కట్టిన సెంట్రింగ్ పలకల గీతలు, వాటి మీది ముడులు, రెండు పలకలు సరిగ్గా అతకని చోట బయటికి కారి గడ్డకట్టిన సిమెంటు పాల గట్టు, అన్నీ ఎనభై ఏళ్ళ తరవాత కూడా వేలికి స్పష్టంగా తెలుస్తున్నాయి. పలకలు ఎప్పుడో కుళ్ళిపోయి ఉంటాయి. వాటిని కొలిచి, కోసి, మేకు కొట్టిన మనిషి పని మాత్రం గోడ మీద అచ్చంగా ఉంది. ఒక చోట పలక వంకరగా పడింది. మా సైట్లలో అయితే అది చూసి మేస్త్రీని కేకలేస్తాం. ఇక్కడ ఆ పలక కట్టిన మనిషికి ఏం జరిగి ఉంటుందో అని నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మా తమ్ముడు ఉద్యోగ రీత్యా ఆరేళ్ళుగా పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్నాడు. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మారింది కానీ, ఇంట్లోనూ బజారులోనూ ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు. ఈ ఫిబ్రవరిలో ఎనిమిది రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. "అక్కా, హేవ్‌లాక్ ద్వీపానికి వెళదామా, నీల్ ద్వీపానికి వెళదామా?" అని వాడు అడిగితే, "ముందు బంకర్లు చూపించరా" అన్నాను. వాడికి ఆశ్చర్యం. రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలో కనబడుతున్నా ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదట. పదేళ్ళ మా మేనకోడలు మాత్రం టార్చిలైటు పట్టుకుని నాకంటే ముందు దూరింది.

నాకు బంకర్ల మీద ఈ పట్టుదల విశాఖపట్నంలో మొదలైంది. ఆర్.కె. బీచ్‌లో అలలు ఇసుకను బాగా కోసేసినప్పుడు ఒక పాత బంకరు పైకి తేలుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్ళు వస్తారేమోనని బ్రిటిష్ వాళ్ళు కట్టించినది. అనుకున్నంత పనీ అయింది, జపాను వాళ్ళు వచ్చారు, అయితే ఓడల్లో ఒడ్డుకు కాదు, విమానాల్లో. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని పల్లెలకు పోవడం మా అమ్మమ్మ చెప్పేది. ఆవిడ అత్తగారు ఊరగాయ జాడీని వదలనంటే వదలనని ఒళ్ళో పెట్టుకుని బండెక్కారట.

ఆ దాడికి సరిగ్గా రెండు వారాల ముందు, మార్చి 23న, జపాను సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. ఎదురు తుపాకీ పేలలేదు. బ్రిటిష్ వాళ్ళు అప్పటికే తమ దళాన్ని తరలించుకుపోయారు. స్థానికులను వదిలేశారు. అండమాన్ చేజిక్కాక బంగాళాఖాతం తలుపు తెరుచుకున్నట్టే అయింది. ఏప్రిల్ మొదటి వారంలో జపాను నౌకాదళం ఈ సముద్రంలో ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచింది. విశాఖ మీదికి విమానాలు పంపిన ర్యూజో అనే యుద్ధనౌక ఆ దళంలోదే.

అంటే మా బీచ్‌లోని బంకరు జపాను వాళ్ళ కోసం ఎదురుచూసింది. ఇక్కడి బంకర్లు బ్రిటిష్ వాళ్ళ కోసం ఎదురుచూశాయి. ఒకే సముద్రానికి ఇటొకటి అటొకటి, ఒకదానికొకటి ఎదురెదురుగా చూసుకుంటూ ఉంటాయని నేను ఇంట్లో కూర్చుని ఊహించుకున్నాను. లోపల నిలబడి ఫోనులో దిక్కు చూశాక ఆ ఊహ తప్పని తేలింది. పోర్ట్ బ్లెయిర్ ద్వీపానికి తూర్పు తీరాన ఉంది. రేవు ముఖం తూర్పుకే. ఈ బంకరు చూసేది తూర్పుకే. విశాఖ బంకరు చూసేదీ తూర్పుకే. విశాఖది అండమాన్ వైపు చూస్తుంటే, అండమాన్‌ది విశాఖకు వీపు పెట్టి కూర్చుంది.

ఆ వీపు సంగతి తరవాత చెబుతాను. ముందు కట్టడం.

ఇలాంటి చిన్న బంకరులో పెద్ద ఫిరంగి పట్టదు. ఒడ్డున దిగే పదాతి దళాన్ని ఆపడానికి మెషిన్‌గన్ పెట్టుకునే గూడు ఇది. భూమికి దాదాపు ఆనుకున్నట్టుండే గుండ్రటి కప్పు. కోణాలుంటే గుండు తగిలి పగులుతుంది, గుండ్రంగా ఉంటే జారిపోతుంది. గోడ మందం కొలవడానికి టేపు తీసుకెళ్ళలేదు, చేత్తోనే కొలిచాను. నా జానతో నాలుగు జానలు దాటింది. ముందు వైపు అడ్డంగా, పొడుగ్గా, కన్ను మూసీ మూయనట్టుండే సందు. లోపల ఇరుకు, బయటికి వెడల్పు. తుపాకీ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పడానికి ఆ వెడల్పు కావాలి. కానీ బయటి నుంచి వచ్చే గుండుకు అదే వెడల్పు గరాటులా దారి చూపిస్తుంది. అందుకని సందు అంచులను నున్నగా కాక మెట్లు మెట్లుగా పోశారు, గుండు మెట్టుకు తగిలి ఆగిపోయేలా. ఇది గీసిన వాడికి పని తెలుసు.

మరి పోసిన కాంక్రీటు? పెచ్చు ఊడిన చోట చూశాను. కంకర మధ్య గవ్వ ముక్కలు తెల్లగా మెరుస్తున్నాయి. సముద్రపు ఇసుక వాడారన్నమాట. ఉప్పు ఉన్న ఇసుకతో పోస్తే లోపలి ఇనుప చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచే పగిలి పెచ్చులుగా రాలుతుంది. బయటి శత్రువు ఒక్కడూ రాకపోయినా ఈ బంకరు తనలోని ఉప్పుకు తానే ఓడిపోతోంది. అడుగున ఇసుక కొట్టుకుపోయి సముద్రం వైపు కాస్త ఒరిగింది కూడా. 2004 డిసెంబరు భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ ప్రాంతమంతా దాదాపు ఒక మీటరు కిందికి కుంగింది. అప్పటి నుంచి పోటు సమయంలో నీరు ఇంకా లోపలికి వస్తోంది. కట్టినప్పుడు అల ఇంత దగ్గరగా ఉండేది కాదు.

మేనకోడలు సందులోంచి చెయ్యి బయటికి పెట్టి చూసింది. తల ఆనించి ఇటు నుంచి అటు చూసింది. "అత్తా, ఇందులోంచి మన ఇల్లు కనిపించడం లేదు" అంది. ఇల్లు ఎలా కనిపిస్తుంది, సందు సముద్రం వైపు కదా అన్నాను. "మరి ఊళ్ళోవాళ్ళను ఎలా కాపాడతారు?" అంది.

మర్నాడు రాస్ ద్వీపానికి వెళ్ళాం. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. అబర్డీన్ జెట్టీ నుంచి పడవలో పావుగంట కూడా పట్టదు. 1858 నుంచి బ్రిటిష్ వాళ్ళు అండమాన్‌ను ఏలింది ఈ చిన్న ముక్క మీద కూర్చునే. చర్చి, రొట్టెల బట్టీ, నాట్యశాల, అచ్చుయంత్రం, అన్నీ ఇక్కడే. ఎదుటి ఒడ్డున సెల్యులార్ జైలు, ఇటు ఒడ్డున వాళ్ళ నాట్యశాల. 1941 జూన్ 26న వచ్చిన భూకంపానికి ఇవన్నీ బీటలు వారాక కార్యాలయాలను పోర్ట్ బ్లెయిర్‌కు మార్చారు. ఏడాది తిరక్కుండా జపాను వాళ్ళొచ్చారు.

రాస్ ఫోటోలు అందరూ చూసే ఉంటారు. గోడలను కావలించుకున్న మర్రి జాతి వేళ్ళు, మధ్యలో మచ్చల జింకలు. నేను గమనించినది ఆ ఫోటోల్లో ఉండనిది. బ్రిటిష్ వాళ్ళ ఇటుక గోడలన్నిటినీ చెట్లు మింగేశాయి. జెట్టీ దగ్గరి జపాను బంకరు మీద ఒక్క పెద్ద వేరు లేదు. కారణం సామగ్రిలో ఉంది. ఇటుకల మధ్య సున్నపు గచ్చు మెత్తన, తేమను పట్టి ఉంచుతుంది. పిట్ట రెట్టలో వచ్చిన విత్తనానికి ఆ అతుకే చాలు, వేరు దారి వెతుక్కుంటుంది. ముద్దగా పోసిన కాంక్రీటులో అతుకు లేదు. అందుకే ఎనభై మూడేళ్ళ పాలన కట్టించిన భవనాలు అడవిలో కలిసిపోతుంటే, మూడున్నరేళ్ళ ఆక్రమణ కట్టించిన బంకరు ఇంకా నేల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. పర్యాటకులు దాని ముందు వరసగా ఫోటోలు దిగుతున్నారు. పక్కనున్న పలక మీద "జపాను బంకరు" అన్న సంగతి తప్ప ఎవరితో కట్టించారో లేదు. నాకు ఇది నచ్చలేదు. కట్టడం ముందు బోర్డు పెట్టేటప్పుడు కూలి ఎవరిదో కూడా రాయాలి. ఈ ద్వీపాల్లో అప్పటి కూలి అంటే బలవంతపు చాకిరీ.

ఈ బంకర్ల ముందు యుద్ధం జరగలేదా అని తమ్ముడు అడిగాడు. గాలిలోంచీ సముద్రంలోంచీ దాడులు జరిగాయి. 1944 జూన్ 21న బ్రిటిష్ విమానవాహక నౌక ఇల్లస్ట్రియస్ నుంచి లేచిన విమానాలు పోర్ట్ బ్లెయిర్ మీద బాంబులు వేశాయి. 1945 మార్చి 19న అండమాన్ తీరానికి వచ్చిన మూడు బ్రిటిష్ డిస్ట్రాయర్ల మీద ఒడ్డు ఫిరంగులు గట్టిగానే కాల్చాయి. ర్యాపిడ్ అనే నౌక బాగా దెబ్బతింది. అవి పెద్ద ఫిరంగుల సంగతి. ఈ మెషిన్‌గన్ గూళ్ళు కాచుకున్నది ఇసుక మీదికి పరిగెత్తుకొచ్చే సైనికుల కోసం. వాళ్ళు రాలేదు. రావాల్సిందే. అండమాన్‌ను సముద్రం నుంచి దిగి పట్టుకోవాలని 'బకనీర్' అనే పథకం వేశారు, 1943 నవంబరులో కైరో సమావేశంలో దాని గురించి మాటలు నడిచాయి, చైనా నాయకుడు చియాంగ్ కై షేక్‌కు రూజ్‌వెల్ట్ మాట కూడా ఇచ్చాడు. ఒడ్డుకు చేర్చే పడవలు ఐరోపాకు కావాల్సి వచ్చి డిసెంబరులో ఆ పథకాన్ని రద్దు చేశారు.

ఆ రద్దు తరవాతి రెండు నెలలే నా మనసును పట్టుకుని వదలడం లేదు.

1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలో జెండా ఎగరేశారు. ఆ రోజున డాక్టర్ దీవాన్ సింగ్ సెల్యులార్ జైల్లో ఉన్నారు. ఆయన వైద్యుడు, కాలేపానీ అన్న పేరుతో కవిత్వం రాసిన పంజాబీ కవి, ఇక్కడి ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ శాఖకు అధ్యక్షుడు. అంటే నేతాజీ పక్షం మనిషే. ఓడలు మునుగుతున్నా బాంబులు పడుతున్నా జపాను అధికారులకు ఒకటే అనుమానం, ఊళ్ళో గూఢచారులున్నారని. నిజానికి 1943 జనవరిలోనే మెకార్తీ అనే మాజీ పోలీసు అధికారి జలాంతర్గామిలో వచ్చి అడవిలో దిగి సమాచారం పంపాడు. దాని మూల్యం ఊరివాళ్ళు చెల్లించారు. ఒకరి తరవాత ఒకరిని పట్టుకెళ్ళి, హింసించి, ఇంకొకరి పేరు చెప్పించారు. దీవాన్ సింగ్ ఎనభై రెండు రోజులు చిత్రహింసలు భరించి 1944 జనవరి 14న జైల్లోనే ప్రాణం వదిలారు. మరో పదహారు రోజులకు, జనవరి 30న, నలభై నాలుగు మందిని హంఫ్రీగంజ్‌కు తీసుకెళ్ళి కాల్చేశారు.

హంఫ్రీగంజ్ సముద్రం ఒడ్డున లేదు. ద్వీపం లోపల ఉంది. ఏ బంకరు సందులోంచి చూసినా కనిపించని చోట.

మూడో రోజు అక్కడికి వెళ్ళాం. తమ్ముడు కారు నడుపుతూ పెద్దగా మాట్లాడలేదు. ఎర్ర మట్టి, పోక తోటలు, మధ్య మధ్య మడ చెట్లు. స్మారకం దగ్గర మేము తప్ప ఎవరూ లేరు. దూరంగా ఎవరో గడ్డి కోసే యంత్రం నడుపుతున్నారు. మేనకోడలు బడిలో హిందీ చదువుతుంది, నాకంటే వేగంగా చదవగలదు. అక్కడి పేర్లను పైకి చదవమన్నాను. ఆ పేర్లన్నీ ఒకే ప్రాంతానివి కావు, ఒకే మతానివి కావు. మధ్యలో లెక్క తప్పింది. ఆగి, వేలు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. నేను ఆపలేదు. గడ్డి యంత్రం ఆగిపోయాక పిల్ల గొంతు ఒక్కటే వినిపించింది.

తిరిగొచ్చేటప్పుడు జుల్ఫికర్ అలీ గురించి చెప్పాను వాళ్ళకు. జపాను సైనికులు దిగిన తొలి రోజుల్లోనే, కోళ్ళ కోసం ఇళ్ళ మీద పడిన వాళ్ళ మీదికి ఎయిర్‌గన్ పేల్చిన కుర్రవాడు. పట్టుకుని, చేతులు విరిచి, అందరి ముందూ కాల్చి చంపారు. అతనికీ ఊళ్ళో ఒక రాయి ఉంది. తమ్ముడు చాలాసేపటికి, "ఆ రాయి పక్క నుంచే కూరగాయలు తెచ్చుకుంటాం అక్కా" అన్నాడు.

మిగతా రోజుల్లో హేవ్‌లాక్ కూడా వెళ్ళాం, పిల్ల అడిగింది కనక. నీళ్ళు ఫోటోల్లో కన్నా అందంగా ఉన్నాయి. నేను మోకాలి లోతు దాటి దిగలేదు. 1945 ఆగస్టులో, యుద్ధం ముగియడానికి కొద్ది రోజుల ముందు, తిండి చాలడం లేదని వందల మందిని పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలెక్కించి, ఈ ద్వీపం దగ్గర నడి నీటిలోకి తోసేశారు. ఒడ్డు చేరినవాళ్ళలో కూడా చాలామంది ఆకలితో పోయారు. బతికి చెప్పినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ సముద్రాన్నే మూడేళ్ళు కాపలా కాశాయి మనం ఫోటోలు తీసుకుంటున్న గూళ్ళు. అక్టోబరు 7న బ్రిటిష్ దళాలు తిరిగి వచ్చాయి, 9న జింఖానా మైదానంలో వైస్ అడ్మిరల్ హారా లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. గూళ్ళలోంచి ఒక్క తుపాకీ పేల్చే పని పడలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. రాస్ ద్వీపానికి బుధవారం సెలవు. కార్బిన్స్ కోవ్ దారిలోని బంకర్లను ఆటు సమయంలో చూడండి, టార్చిలైటు తప్పనిసరి. లోపల చువ్వలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, పిల్లలను చెయ్యి పట్టుకుని తిప్పండి. ముందు వైపు చూశాక చుట్టూ తిరిగి వెనక్కి రండి, ప్రవేశం దగ్గర నిలబడి, దానికి ఎదురుగా ఏముందో చూడండి. నేను చూసిన దానికి ఎదురుగా రోడ్డు ఉంది. రోడ్డు అవతల కొబ్బరి చెట్లు, గుట్ట, గుట్ట మీద ఇళ్ళు, ఒక ఇంటి మేడ మీద ఆరేసిన బడి యూనిఫారాలు.

తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయానికి గంట ముందే చేరాను. ఆ స్థలం పాత పేరు లాంబా లైన్. అక్కడ మొదటి రన్‌వే వేయించింది జపాను వాళ్ళే, ద్వీపవాసులను రోజూ తోలుకొచ్చి, కొట్టి, గుట్ట తవ్వించి. ఇప్పుడు దాన్ని పొడిగించారు, వెడల్పు చేశారు, పక్కన కొత్త టెర్మినల్ కట్టారు. మేనకోడలు గాజు అవతల నుంచి చెయ్యి ఊపుతూనే ఉంది. విమానం ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తి గాలిలోకి లేవడానికి అర నిమిషం పట్టింది. కిటికీలోంచి కింద తీరం, తీరం వెంట సన్నటి రోడ్డు కనిపించాయి. బంకర్ల కోసం వెతికాను. అంత ఎత్తు నుంచి రాళ్ళలో కలిసిపోయాయి. ఇళ్ళు మాత్రం కనిపించాయి.